తాకిడి దగ్గర తేలిన లెక్క: యాంత్రిక భౌతికశాస్త్రపు తాత్విక పునాదులు

పదిహేడో శతాబ్దంలో ఐరోపా ఆలోచనాపరులు కొందరు ప్రకృతి గురించి చాలా పెద్ద మాట అన్నారు. నిప్పు కాల్చడం మొదలుకొని గ్రహాలు తిరగడం దాకా లోకంలో జరిగే ప్రతి మార్పూ పదార్థపు ముక్కలు ఒకదాన్నొకటి తాకి నెట్టుకోవడం వల్లే జరుగుతుందని, ఆ ముక్కలకు పరిమాణం, ఆకారం, చలనం తప్ప మరే గుణమూ లేదని వాళ్ల వాదం. రంగు, రుచి, వాసన, వేడి అని మనం పిలిచేవన్నీ ఆ ముక్కలు మన ఒంటికి తగిలినప్పుడు మనలో పుట్టే అనుభూతులే గాని వస్తువులో ఉన్నవి కావన్నారు. దీన్నే యాంత్రిక తత్వం అంటాం. ఆధునిక భౌతికశాస్త్రం దీని ఒడిలోనే పెరిగింది. ఇంత పెద్ద మాట దేని మీద నిలబడిందన్న ప్రశ్న మీద చరిత్రకారులూ తత్వవేత్తలూ నూరేళ్లుగా వాదించుకుంటున్నారు. గడియారాల వంటి యంత్రాలే దీనికి మూలమని కొందరు, గణితమని కొందరు, దేవుడి మీది విశ్వాసమని కొందరు, ప్రాచీన గ్రీకుల పరమాణువాదమని మరికొందరు అన్నారు. ప్రతి సమాధానంలోనూ కొంత నిజం ఉంది. అయితే ఇవన్నీ అసలు చూడవలసిన చోట తగినంతసేపు నిలవలేదని నా అభిప్రాయం. అన్నిటికీ వివరణ తాకిడే అన్నవాళ్లు, రెండు వస్తువులు ఢీకొన్నప్పుడు ఏం జరుగుతుందో తమ మూలసూత్రాల నుంచి రాబట్టి చెప్పగలిగారా? చెప్పలేకపోయారు. యాంత్రిక తత్వపు పునాది అన్నిటికంటే తేటగా కనిపించిన ఈ చోటనే, లోపలినుంచే బీటలు వారింది. ఆ బీట కనిపెట్టి సరిచేసే పనిలోనే భౌతికశాస్త్రం తన కాళ్ల మీద తాను నిలబడింది.

ముందు వాళ్లు దేనికి ఎదురు నిలిచారో చూడాలి. విశ్వవిద్యాలయాల్లో అప్పటికి నాలుగైదు వందల ఏళ్లుగా పాతుకుపోయిన అరిస్టాటిల్ సంప్రదాయంలో ప్రతి వస్తువుకూ ఒక స్వరూపం ఉంటుంది, ఆ వస్తువు ఎలా నడుచుకోవాలో ఆ స్వరూపమే నిర్ణయిస్తుంది. రాయి కిందపడేది తన సహజస్థానమైన విశ్వకేంద్రాన్ని చేరుకోవడానికి. నిప్పు పైకెగిసేదీ తన సహజస్థానం కోసమే. ఈ పద్ధతిని 1673లో మోలియేర్ తన చివరి నాటకంలో ఆటపట్టించాడు: నల్లమందు నిద్ర ఎందుకు తెప్పిస్తుందని అడిగితే, దానిలో నిద్రపుచ్చే గుణం ఉంది గనక అని వైద్యపట్టా పుచ్చుకోబోయే అభ్యర్థి జవాబు చెబుతాడు. ఈ హాస్యం పండితులకు పూర్తిగా న్యాయం చేయదు. సజీవప్రాణుల ఎదుగుదలను వివరించడంలో అరిస్టాటిల్ చూపిన సూక్ష్మత యాంత్రికవాదుల్లో ఎవరికీ లేదు. అయినా భౌతిక విషయాల్లో విమర్శ సూటిగానే తగిలింది. ఏ ఫలితానికైనా దానికి సరిపడే గుణం ఒకటి కల్పించుకోగలిగినప్పుడు ఆ వివరణ ఎప్పటికీ తప్పు కాదు, ఎప్పటికీ ఉపయోగపడదు కూడా. గెలీలియో 1623లో ‘ఇల్ సజ్జతోరే’ అనే గ్రంథంలో ఈకతో చక్కిలిగింత పెట్టిన ఉదాహరణ ఇచ్చాడు. ఒంటికి ఈక తగిలితే గిలిగింత కలుగుతుంది, ఆ గిలిగింత ఈకలో ఉందని ఎవరూ అనరు. రంగులూ రుచులూ అంతేనన్నాడు. దానికి ఐదేళ్ల ముందే, 1618లో, డచ్చి ఊరు బ్రెడాలో ఐజాక్ బేక్‌మన్ అనే పాతికేళ్లు దాటిన పండితుడూ రెనే డెకార్ట్ అనే యువ సైనికుడూ కలుసుకున్నారు. ఒకసారి కదిలిన వస్తువు ఏదీ అడ్డురాకపోతే కదులుతూనే ఉంటుందన్న ఆలోచన బేక్‌మన్ దినచర్య పుస్తకంలో అప్పటికే ఉంది. గణితాన్నీ భౌతికాన్నీ కలిపి ఆలోచించే అలవాటు డెకార్ట్‌కు ఈ స్నేహంలోనే గట్టిపడింది.

యాంత్రికవాదులు తమ పక్షాన ముందుకు తెచ్చిన మొదటి కారణం సుబోధకత. ఆకారం, పరిమాణం, చలనం అనేవి అందరికీ అర్థమయ్యే భావాలు, వీటిలో దాపరికం లేదు, కాబట్టి వివరణ వీటితోనే మొదలవ్వాలి అన్నారు. రాబర్ట్ బాయిల్ 1666లో రూపాలూ గుణాల పుట్టుక మీద రాసిన పుస్తకంలో పదార్థం, చలనం అనే రెండు మూలాలతోనే పని జరగాలన్నాడు. పెటిలుప్పు మీద ఆయన చేసిన ప్రయోగం ఈ దృక్పథానికి బలమైన అండ. ఆ ఉప్పును ఎర్రగా కాలిన బొగ్గుతో విడగొట్టి, మిగిలిన భాగాన్ని పెటిలుప్పు ద్రావకంతో మళ్లీ కలిపితే దాదాపు మొదటి ఉప్పే తిరిగి వచ్చింది. స్వరూపం ఒకసారి పోయిందంటే ఇలా భాగాలను కలిపి తిరిగి తేగలమా? భాగాల అమరికే ఉప్పుతనం అయితే ఇందులో వింత లేదు. డెకార్ట్ మరింత దూరం వెళ్లాడు. 1644లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన ‘తత్వశాస్త్ర సూత్రాలు’లో అయస్కాంతం ఇనుమును ఎలా లాగుతుందో చెబుతూ, భూమిలోంచి మరచుట్టలాంటి గాడులున్న సూక్ష్మకణాలు నిరంతరం ప్రవహిస్తుంటాయని, ఒక ధ్రువం నుంచి వచ్చేవాటి మరచుట్ట ఒకవైపు తిరిగితే రెండో ధ్రువం నుంచి వచ్చేవాటిది రెండోవైపు తిరుగుతుందని, అయస్కాంతంలోనూ ఇనుములోనూ వాటికి సరిపోయే రంధ్రాలున్నాయని వర్ణించాడు. రెండు ధ్రువాలు ఎందుకున్నాయో కూడా ఆ మరచుట్టల నుంచే తేల్చాడు. ఇదంతా తప్పు. ఆ కణాలను ఎవరూ చూడలేదు, కొలవలేదు. కాని ఆకర్షణ అనే మాటను ఒక మర్మంగా వదిలేయకుండా, ఏది దేనికి ఎక్కడ తగులుతుందో చెప్పవలసిన బాధ్యత వివరించేవాడిదే అన్న పట్టుదల ఇందులో ఉంది. ఆ పట్టుదల తర్వాతి తరాలకు అందింది.

ఇక పునాది ఏమిటన్నదాని మీద పండితుల మాటలు. సోవియట్ చరిత్రకారుడు బోరిస్ హెసెన్ 1931లో లండన్ సభలో చదివిన వ్యాసంలో న్యూటన్ సిద్ధాంతం పుట్టుకకు వర్తకం, గనులు, నౌకాయానం, ఫిరంగులు తెచ్చిన సాంకేతిక అవసరాలే కారణమన్నాడు. గనుల నీటిని తోడే పంపుల్లేకుండా గాలి ఒత్తిడి మీద అంత చర్చ జరిగేది కాదన్నది నిజమే. స్ట్రాస్‌బర్గ్ చర్చిలోని మహా గడియారాన్ని బాయిల్ పదేపదే ఉదాహరణగా తెచ్చాడన్నదీ నిజమే. కాని యంత్రం ఉన్నంత మాత్రాన లోకమంతా యంత్రమని ఎవరికీ తోచదు, గ్రీకుల కాలం నుంచీ యంత్రాలున్నాయి గదా. ఈ. ఎ. బర్ట్ 1924లో రాసిన పుస్తకం గణితానికి పెద్దపీట వేసి, లెక్కకు లొంగేదే నిజమన్న నమ్మకం ముందుగానే ఉండి, దాని కోసమే రంగులూ రుచులూ వస్తువుల నుంచి బహిష్కారానికి గురయ్యాయని వాదించింది. డచ్చి చరిత్రకారుడు డైక్‌స్టర్‌హ్యూస్ 1950లో అచ్చయిన తన మహాగ్రంథం చివర, యాంత్రికం అన్న మాటను యంత్రంతో ముడిపెట్టడం కంటే యాంత్రికశాస్త్రంతో, అంటే చలనపు గణితంతో, ముడిపెట్టడమే సరైనదన్నాడు. ఈ ఇద్దరి మాటలోనూ బలముంది. కాని డెకార్ట్ అయస్కాంతంలో గాని బాయిల్ పెటిలుప్పులో గాని చెప్పుకోదగ్గ గణితమేమీ లేదు. యాంత్రిక వివరణ ఒకటి, గణిత సూత్రం మరొకటి. ఈ రెండూ కలవవలసిన చోటు ఒకటే ఉంది. ముక్క ముక్కకు తగిలినప్పుడు ఎవరి చలనం ఎంత మారుతుందన్న లెక్క అది. అందుకే అభిఘాతం, అంటే ఢీకొనడం, దగ్గర ఆగాలంటున్నాను.

డెకార్ట్ ఆ చోటుకు చేరిన దారి గమనించదగ్గది. పదార్థం అంటే వ్యాప్తి, అంటే పొడవు వెడల్పు లోతు మాత్రమే అన్నాడు. అలాంటి పదార్థంలో తనంతట తాను కదిలే శక్తి ఏదీ ఉండదు. మరి చలనం ఎక్కడిది? దేవుడు సృష్టివేళ కొంత చలనాన్ని పదార్థంలో పెట్టాడు. ఆయన మార్పులేనివాడు గనక ఆ మొత్తాన్ని ఎప్పటికీ అలాగే కాపాడతాడు. పరిమాణాన్ని వడితో హెచ్చవేస్తే వచ్చేదే ఆ మొత్తం. వస్తువు తనున్న స్థితిలోనే ఉంటుందన్న మొదటి నియమం, సరళరేఖలోనే సాగజూస్తుందన్న రెండో నియమం, ఢీకొన్నప్పుడు చలనం పంపకమయ్యే తీరు చెప్పే మూడో నియమం, మూడూ దేవుడి మార్పులేనితనం నుంచే వచ్చాయి. ఇదంతా చర్చి భయంతో పైకి పూసిన పూత అని కొందరు అంటారు. 1633లో గెలీలియోకు శిక్ష పడ్డ వార్త విని డెకార్ట్ తన ‘ప్రపంచం’ గ్రంథాన్ని అచ్చుకు ఇవ్వకుండా దాచేసిన సంగతి వాళ్ల వాదానికి ఆసరా. ఆయన జాగ్రత్తపరుడే, కాదనను. అయితే పూత అయితే గోకితే పోవాలి. ఇక్కడ దేవుణ్ణి తీసేస్తే చలనం మొత్తం ఎందుకు మారదో చెప్పడానికి ఆ తత్వంలో ఏమీ మిగలదు. పొడవు వెడల్పు లోతుల్లో వెతికితే ఏ నిత్యత్వ నియమమూ దొరకదు. కాబట్టి దేవుడు ఇక్కడ అలంకారం కాడు, వాదంలో బరువు మోసే దూలం.

ఆ మూడో నియమాన్ని విడమరచి డెకార్ట్ ఏడు అభిఘాత సూత్రాలు ఇచ్చాడు. సమానమైన రెండు వస్తువులు సమానమైన వడితో ఎదురెదురుగా ఢీకొంటే అదే వడితో వెనక్కి మళ్లుతాయన్న మొదటిది గట్టి వస్తువుల విషయంలో సరైనదే. మిగిలినవి నిలబడవు. నాలుగోది ప్రకారం నిశ్చలంగా ఉన్న పెద్ద వస్తువును చిన్న వస్తువు ఎంత వడితో కొట్టినా ఇసుమంతైనా కదిలించలేదు. తానే వచ్చిన వడితో వెనక్కి పోతుంది. ఐదోది ప్రకారం కదిలే పెద్ద వస్తువు నిశ్చలంగా ఉన్న చిన్నదాన్ని కొడితే రెండూ కలిసి ఒకే వడితో ముందుకు సాగుతాయి. ఆరోది మరీ విచిత్రం. నాలుగు పాళ్ల వడితో వచ్చిన వస్తువు, తనంతదే అయిన నిశ్చల వస్తువును కొడితే దానికి ఒక పాలు ఇచ్చి, తాను మూడు పాళ్లతో వెనక్కి వస్తుందట. గోళీలాడిన పిల్లవాడికి ఇది తప్పని తెలుసు. వేలితో విసిరిన గోళీ గాల్లో వెళ్లి ఎదుటి గోళీని నేరుగా కొడితే, కొట్టింది దాదాపు అక్కడే ఆగుతుంది, దెబ్బ తిన్నది ఉరుకుతుంది. ఈ సంగతి డెకార్ట్‌కు తెలియక కాదు. తన సూత్రాలు పరిపూర్ణంగా గట్టివైన, చుట్టూ మరే పదార్థమూ తగలని వస్తువులకని, మన లోకంలో ప్రతి వస్తువు చుట్టూ సూక్ష్మ ద్రవం ఉంది గనక అనుభవం వేరుగా కనిపిస్తుందని సమర్థించుకున్నాడు. ఇంద్రియాల కంటే బుద్ధినే ఎక్కువ నమ్మాలన్న అర్థం వచ్చే మాట 1647 నాటి ఫ్రెంచి అనువాదంలో చేరింది. ఈ జవాబును కొట్టిపారేయడం సులువే గాని అది న్యాయం కాదు. రాపిడి లేని తలాన్ని గెలీలియో ఊహించుకోలేదా? ఆదర్శ స్థితిలో సూత్రం చెప్పడం భౌతికశాస్త్రానికి తప్పు కాదు. తప్పు మరోచోట ఉంది, దాన్ని పట్టుకోవడానికి ప్రయోగం కూడా అక్కర్లేదు.

పట్టుకున్నవాడు క్రిస్టియాన్ హైగెన్స్. ఇంట్లో డెకార్ట్ స్నేహితుల మధ్య పెరిగినవాడు, డెకార్ట్ అనుచరుడి దగ్గర గణితం నేర్చినవాడు. ఇరవై మూడేళ్ల వయసులో, 1652లో, డెకార్ట్ సూత్రాలు తప్పని గ్రహించి, 1656 నాటికి అభిఘాతం మీద గ్రంథం రాసి పెట్టుకున్నాడు. అది పూర్తిగా అచ్చయింది ఆయన పోయాక, 1703లో. ఆయన తీసుకున్న ఆధారాలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. సమాన వస్తువులు సమాన వడితో ఢీకొంటే అదే వడితో మళ్లుతాయన్న డెకార్ట్ మొదటి సూత్రాన్నే తీసుకున్నాడు. కాలవలో నిలకడగా సాగే పడవలో ఒకడు నిలబడి రెండు చేతుల్లో దారాలకు కట్టిన సమానమైన గుండ్లను ఎదురెదురుగా ఢీకొట్టిస్తాడు. ఒడ్డు మీద ఇంకొకడు నిలబడి చూస్తున్నాడు. గుండ్లు ఏ వడితో కదులుతున్నాయో పడవ కూడా అదే వడితో ఒడ్డు వెంట సాగుతోందనుకుందాం. పడవవాడికి రెండు గుండ్లూ ఒకే వడితో వచ్చి ఒకే వడితో మళ్లాయి. ఒడ్డువాడికి ఒక గుండు ఆగి ఉంది, రెండోది రెట్టింపు వడితో వచ్చి కొట్టింది. ఢీకొన్నాక వచ్చింది ఆగిపోయింది, ఆగి ఉన్నది రెట్టింపు వడితో పోయింది. జరిగింది ఒకే సంఘటన, కాబట్టి ఇద్దరూ చూసిందీ నిజమే. డెకార్ట్ మొదటి సూత్రం నిజమైతే ఆరోది అబద్ధమని ఏ గుండూ కొట్టకుండానే తేలిపోయింది. నాలుగూ ఐదూ సూత్రాలకు ఇదే పడవను వర్తింపజేస్తే గుట్టు పూర్తిగా బయటపడుతుంది. చిన్నది వచ్చి పెద్దదాన్ని కొట్టడం, పెద్దది వచ్చి చిన్నదాన్ని కొట్టడం వేర్వేరు సంఘటనలు కావు. ఒడ్డు నుంచి మొదటిదిగా కనిపించేది తగిన వడితో సాగే పడవలోంచి రెండోదిగా కనిపిస్తుంది. నాలుగో సూత్రం ప్రకారం అవి విడిపోవాలి, ఐదో సూత్రం ప్రకారం అంటుకుని సాగాలి. రెండూ ఎలా జరుగుతాయి? చలనమంటే ఒక వస్తువు తనను ఆనుకుని ఉన్న వస్తువుల సరసన నుంచి మరో సరసకు మారడమేనని, ఆ మార్పు పరస్పరమని నిర్వచించింది డెకార్టే. తన నిర్వచనంతో తన సూత్రాలే పొసగలేదు. యాంత్రిక తత్వపు నడిబొడ్డున దొరికిన వైరుధ్యం ఇది. దీన్ని వెతికి పట్టుకున్నది ఆ తత్వానికి శత్రువు కాదు, దాన్ని మనసారా నమ్మినవాడు.

ఇక్కడి నుంచి కథ వేగంగా నడిచింది. లండన్‌లోని రాయల్ సొసైటీ అడగ్గా 1668 చివర్లో జాన్ వాలిస్, క్రిస్టఫర్ రెన్, 1669 మొదట్లో హైగెన్స్ అభిఘాత సూత్రాలు పంపారు. వాలిస్ అంటుకుపోయే వస్తువులకు చెప్పాడు, మిగతా ఇద్దరూ తిరిగి ఎగిరే వస్తువులకు చెప్పారు. దిశను లెక్కలోకి తీసుకుంటేనే ద్రవ్యవేగం నిత్యమని, గట్టి వస్తువుల విషయంలో ద్రవ్యరాశిని వేగవర్గంతో హెచ్చవేసిన మొత్తం కూడా నిత్యమని తేలింది. 1686లో లైబ్నిజ్ ఈ రెండో మొత్తాన్ని చేతపట్టుకుని డెకార్ట్ మీద సూటిగా దాడి చేశాడు. ఒక పౌను బరువును నాలుగు మూరలు ఎత్తడానికీ, నాలుగు పౌన్ల బరువును ఒక మూర ఎత్తడానికీ ఒకే శ్రమ కావాలి. వాటిని వదిలేస్తే నాలుగు మూరల నుంచి పడ్డదాని వడి రెండోదాని వడికి నాలుగింతలు కాదు, గెలీలియో చూపినట్టు రెండింతలే. కాబట్టి డెకార్ట్ లెక్కలో ఒకదానికి రెండు పాళ్లు, ఇంకోదానికి నాలుగు పాళ్లు వస్తాయి. సమానమైన శక్తికి సమానం కాని కొలతలు! వడిని వర్గం చేస్తే రెండూ సరిపోతాయి. అంతకంటే లోతైనది ఆయన రెండో వాదం. పదార్థం అంటే వట్టి వ్యాప్తే అయితే, నిశ్చలంగా ఉన్న కొండను చిన్న గులకరాయి తాకినా ఆ కొండ గులకరాయి వడితోనే దానితోపాటు కదలిపోవాలి, ఎందుకంటే వ్యాప్తిలో అడ్డుకునే గుణమేదీ లేదు. అడ్డుకోవడం అనేది ఉంది గనక పదార్థంలో వ్యాప్తికి మించినదేదో ఉంది. దానికి బలం అని పేరు పెట్టాడు లైబ్నిజ్. అంటే తాకిడిని అర్థం చేసుకోవాలంటేనే, యాంత్రికవాదులు తరిమేసిన శక్తుల్లాంటిదాన్ని మళ్లీ లోపలికి పిలవవలసి వచ్చింది. ఒక తేడా ఉంది: నల్లమందులోని నిద్రపుచ్చే గుణానికి కొలత లేదు, లైబ్నిజ్ బలానికి ఉంది.

నెట్టడం తేటగా అర్థమవుతుందన్న నమ్మకం తత్వవేత్తల మధ్య కూడా ఇదే కాలంలో సడలింది. బొహీమియా రాకుమారి ఎలిజబెత్ 1643లో డెకార్ట్‌కు రాసిన ఉత్తరంలో, నెట్టాలంటే తాకాలి, తాకాలంటే ఉపరితలం ఉండాలి, ఏ వ్యాప్తీ లేని ఆత్మ శరీరాన్ని ఎలా కదిలిస్తుందని అడిగింది. ఈ ప్రశ్నను ఆత్మకు సంబంధించిన చిక్కుగానే అందరూ చదువుతారు. కాని శరీరం శరీరాన్ని ఎలా కదిలిస్తుందన్నది మాత్రం తెలిసిన విషయమా? 1666లో ఫ్రాన్సులో లా ఫోర్జ్, కోర్దెమ్వా ఇద్దరూ తమ తమ పుస్తకాల్లో అదీ తెలియదన్నారు. చలనం వస్తువుకు ఉన్న ఒక స్థితి, స్థితి ఒక వస్తువులోంచి ఊడి మరో వస్తువులోకి దూకలేదు. 1674లో మొదలైన మాల్‌బ్రాంష్ గ్రంథం దీన్ని చివరికంటా లాగి, ఒక గుండు మరో గుండును తాకడం ఒక సందర్భం మాత్రమేనని, కదిలించేది దేవుడేనని తేల్చింది. దీన్ని మతమౌఢ్యంగా తీసేస్తే ఆ వాదపు పదును మనకు అందదు. జాన్ లాక్ దేవుణ్ణి అంత దగ్గరికి తేకుండానే, తాకిడితో చలనం ఎలా బదిలీ అవుతుందన్నది మన ఆలోచన మన చేతిని ఎలా కదిలిస్తుందన్నంత అగమ్యంగానే ఉందని ఒప్పుకున్నాడు. రోజూ చూస్తాం గనక తెలుసనుకుంటాం. తర్వాత కారణకార్యాల మీద హ్యూమ్ ఇచ్చిన బిలియర్డ్ బంతుల ప్రసిద్ధ ఉదాహరణకు నేల ఇలా ముందే సిద్ధమైంది.

1687లో న్యూటన్ గురుత్వాకర్షణ వచ్చి యాంత్రిక తత్వాన్ని చంపేసిందన్నది వాడుకలో ఉన్న కథ. ఈ కథలో న్యూటన్ ఒక పక్క, అభిఘాతం మరో పక్క ఉంటాయి. ఆయన గ్రంథం ‘ప్రిన్సిపియా’ తెరిచి చూస్తే అలా కనిపించదు. చలన నియమాలు చెప్పిన వెంటనే న్యూటన్ రెన్, వాలిస్, హైగెన్స్‌లను పేరుపేరునా తలచుకుని, పది అడుగుల లోలకాలకు గుండ్లు వేలాడదీసి తాను చేసిన అభిఘాత ప్రయోగాలు వర్ణిస్తాడు. గాలి అడ్డగింపుకు దిద్దుబాటు చేశాడు. గట్టిగా చుట్టిన ఉన్ని ఉండలు ఢీకొన్నాక విడిపోయే వేగానికీ, దగ్గరైన వేగానికీ నిష్పత్తి దాదాపు 5కు 9. గాజు గుండ్లలో అది 15కు 16. ఉక్కు దాదాపు వచ్చిన వేగంతోనే మళ్లింది. ఎగిరే గుణం ఎంత మారినా చర్యకు సమానమైన ప్రతిచర్య మాత్రం మారలేదు. డెకార్ట్‌కు కావలసిన పరిపూర్ణ గట్టిదనం ఇక అవసరం లేకుండా పోయింది. ఆ వెంటనే అదే చోట అయస్కాంతాన్నీ ఇనుమునూ వేర్వేరు తెప్పల్లాంటి పాత్రల్లో పెట్టి నిలకడ నీటి మీద వదిలిన ప్రయోగం వస్తుంది. రెండూ దగ్గరై తాకి ఆగిపోయాయి, ఏదీ రెండోదాన్ని నెట్టుకుంటూ పోలేదు. తాకిడిలో చూసిన నియమమే ఆకర్షణలోనూ ఉంది! నా దృష్టిలో ‘ప్రిన్సిపియా’ మొత్తానికి ఇది కీలకమైన అడుగు. అభిఘాతంలో నేర్చిన పాఠాన్ని న్యూటన్ ఆకర్షణకు పట్టుకెళ్లాడు, సూర్యుడు గ్రహాన్ని లాగితే గ్రహమూ సూర్యుణ్ణి లాగుతుందన్న ఫలితం అక్కడి నుంచే వచ్చింది. యాంత్రిక తత్వపు బిడ్డే దాన్ని దాటింది.

ఎదిరించినవాళ్ల వాదం తేలికైనది కాదు. హైగెన్స్ 1690లో అచ్చువేసిన బరువు కారణాల వ్యాసంలో గ్రహాల మధ్య విలోమవర్గ సూత్రాన్ని మెచ్చుకున్నాడు గాని, ప్రతి కణమూ ప్రతి కణాన్నీ లాగుతుందన్న మాట ఒప్పుకోలేదు. నీళ్లు పోసిన గుండ్రటి పాత్రను తిప్పి ఆపితే అడుగున వేసిన లక్క ముక్కలు మధ్యకు చేరడం చూపి, బరువు కూడా ఇలాంటి సుడి వల్లే అన్నాడు. లైబ్నిజ్ మాట మరింత కటువు: మధ్యలో ఏదీ లేకుండా దూరం నుంచి లాగడం నిత్యం జరిగే అద్భుతమో, పాత పండితుల రహస్యగుణమో అయి ఉండాలి. న్యూటన్ స్వయంగా 1693లో పండితుడు బెంట్లీకి రాసిన ఉత్తరంలో మధ్యవర్తి లేకుండా జడపదార్థం దూరాన ఉన్నదాని మీద పనిచేస్తుందన్నది అసంబద్ధమన్నాడు. మరి వీళ్లందరికీ జవాబేమిటి? గ్రహాలను తిప్పుతాయన్న సుడులు కెప్లర్ నియమాలతో పొసగవని ‘ప్రిన్సిపియా’ రెండో భాగం చివర న్యూటన్ చూపించాడు, అది సగం జవాబు. మిగతా సగం తాత్వికమైనది. రహస్యగుణం అన్న నిందకు బలం ఎప్పుడు? తాకిడి అర్థమైన సంగతి, ఆకర్షణ అర్థం కాని సంగతి అయినప్పుడు. హైగెన్స్ పడవ నుంచి లాక్ దాకా నడిచిన చర్చ తేల్చింది తాకిడీ అర్థం కాలేదనే. దాని నియమం తెలుసు, కొలత తెలుసు, అంతకు మించి తెలియదు. ఆకర్షణదీ అదే పరిస్థితి. రోజర్ కోట్స్ 1713లో ‘ప్రిన్సిపియా’ రెండో ముద్రణకు రాసిన ముందుమాటలో అతి సరళమైన కారణానికి మరో యాంత్రిక కారణం అడగడం తగదన్నాడు. ఆ మాటకు చెల్లుబాటు వచ్చింది ఈ చర్చ వల్లే. అయినా అందరూ లొంగలేదు. ఫోంతెనెల్ 1752లో కూడా సుడుల పక్షాన పుస్తకం తెచ్చాడు.

ఈ వాదనకు ఎదురయ్యే గట్టి అభ్యంతరం అలన్ చాల్మర్స్ 2009 నాటి పుస్తకంలో ఉంది. యాంత్రిక తత్వం శాస్త్రానికి ఏ పనీ చేయలేదని, బాయిల్ గాలి పంపుతో సాధించినదంతా ప్రయోగం వల్లేనని, కణాల ఆకారాల గురించిన మాటలు ఆ ఫలితాలకు దారీ చూపలేదు, ఆధారమూ ఇవ్వలేదని ఆయన అంటాడు. గాలి విషయంలో ఈ మాట చాలావరకు నిజం. 1648 సెప్టెంబరులో పాస్కల్ బావ పెరియే పాదరసపు గొట్టంతో పుయ్ ద దోమ్ కొండ ఎక్కి పైన పాదరసం మూడంగుళాలకు పైగా దిగిందని చూడటానికి కణాల ఆకారం తెలియనక్కర్లేదు. 1662లో బాయిల్ చూపిన ఒత్తిడి, ఘనపరిమాణాల సంబంధానికీ అక్కర్లేదు, గాలి స్ప్రింగుకు అడుగున ఏముందో ఆయన తేల్చకుండానే వదిలేశాడు. చాల్మర్స్ ఎంచుకున్న ఉదాహరణలు రసాయనం, వాయువులు. అభిఘాతాన్ని తీసుకుంటే ఆ తీర్పు నిలవదు. రెండు గుండ్లు ఢీకొంటే ఏమవుతుందన్నది అరిస్టాటిల్ భౌతికంలో ఒక మూల ప్రశ్నే కాదు. లోకంలో జరిగేదంతా అదేనని ఎవరో గట్టిగా అన్న తర్వాతే దానికి ఏడు సూత్రాలు రాయవలసి వచ్చింది, ఆ సూత్రాలు తప్పయ్యాకే వాటిని దిద్దవలసి వచ్చింది. ద్రవ్యవేగ నిత్యత్వం, గతిజశక్తి, సాపేక్ష చలనం ఈ దిద్దుబాటులోనే దొరికాయి. తత్వం సరైన జవాబు ఇవ్వకపోయినా తప్పించుకోలేని ప్రశ్న ఇచ్చింది. దీన్ని పని చేయకపోవడం అనగలమా?

కెరొలిన్ మర్చంట్ 1980లో చేసిన ఆరోపణ వేరే దిశది. యాంత్రిక తత్వం ప్రకృతిని ప్రాణం లేని ముడిసరుకుగా మార్చి దాన్ని దోచుకోవడానికి మానసికంగా దారి తీసిందన్నది ఆమె వాదం. డెకార్ట్, బాయిల్ ప్రకటనల వరకు చూస్తే ఇందులో సత్యం లేకపోలేదు, మనుషులు ప్రకృతికి యజమానుల్లాంటివాళ్లు కాగలరని డెకార్ట్ 1637లోనే రాశాడు. కాని శాస్త్రంగా స్థిరపడ్డది ఆ జడపదార్థం కాదు. లైబ్నిజ్ చేతిలో పదార్థానికి బలం వచ్చింది, న్యూటన్ చేతిలో ఆకర్షణ వచ్చింది. జడమైన, బోలుగా ఉన్న వ్యాప్తి అనే భావం అభిఘాత లెక్కల్లోనే ఓడిపోయింది. దోపిడీకి కారణాలు వెతకాలంటే ఓడిపోయిన భావన దగ్గర కంటే, నెగ్గిన వర్తకం దగ్గర వెతకడం మేలని నాకనిపిస్తుంది.

ఈ మలుపు చివరిదాకా వెళ్లింది రొజ్జెర్ బోస్కోవిచ్ దగ్గర. రగూజాలో, ఇప్పటి దుబ్రోవ్నిక్‌లో, పుట్టిన జెసూట్ గురువు ఆయన. 1758లో వియన్నాలో అచ్చయిన తన సిద్ధాంత గ్రంథాన్ని అభిఘాతంతోనే మొదలుపెట్టాడు. ఆరు పాళ్ల వేగంతో పోయే వస్తువును వెనకనుంచి అంతే పరిమాణమున్న మరో వస్తువు పన్నెండు పాళ్ల వేగంతో తరుముతోంది. అవి తాకిన క్షణంలో రెండూ తొమ్మిది పాళ్లకు రావాలంటే ఒకటి పన్నెండు నుంచి తొమ్మిదికి, ఇంకోటి ఆరు నుంచి తొమ్మిదికి మధ్యలో ఏ అంచెలూ లేకుండా దూకాలి. ప్రకృతిలో అలాంటి దూకుడు ఉండదు. కాబట్టి తాకక ముందే, కొంత దూరంలో ఉండగానే, వాటి వేగాలు మారడం మొదలవ్వాలి. దూరం తగ్గేకొద్దీ హద్దు లేకుండా పెరిగే వికర్షణ బలం వాటి మధ్య ఉండాలి. అలా అయితే ఏ రెండు వస్తువులూ ఎప్పుడూ నిజంగా తాకవు. ఆకర్షణను తాకిడితో వివరించాలని డెకార్ట్ మొదలుపెట్టిన ప్రయత్నం నూట పద్నాలుగేళ్లకు తాకిడినే దూరాన పనిచేసే బలాలతో వివరించడంలో తేలింది. కాంట్ 1786లో తన ప్రకృతిశాస్త్ర గ్రంథంలో పదార్థాన్ని ఆకర్షణ, వికర్షణ బలాలతోనే నిర్వచించాడు, ఫారడే 1844లో పరమాణువులను బలకేంద్రాలుగా ఊహించినప్పుడు బోస్కోవిచ్ పేరే తలచుకున్నాడు.